రెవ్యూ పాటల మీద ఒక రివ్యూ: 11 పాత షీట్లు, 38 డాలర్లు, ఒక కాగితం మిస్సింగ్

ముందే చెప్పేస్తున్నా, ఇది అందరూ కొనాల్సిన వస్తువు కాదు. ఇంట్లో పియానోనో కీబోర్డో ఉండి, పాత కాగితం వాసనంటే పిచ్చి ఉండి, పాట ఎలా పుట్టిందో తెలుసుకోవాలన్న దురద ఉన్నవాళ్లకి మాత్రమే. మా ఆవిడైతే కవరు విప్పగానే "ఈ చిత్తు కాగితాలకి 38 డాలర్లా" అంది. షిప్పింగ్ ఇంకో 6 డాలర్లని ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.

కొన్నది ఏంటంటే, అమెరికన్ పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ న్యూయార్క్ స్టేజి కోసం కట్టిన పాటల ఒరిజినల్ షీట్ మ్యూజిక్, అంటే మాటలూ నోట్లూ అచ్చేసిన కాగితాలు, 11 షీట్ల లాట్, ఒకే కట్టగా. జిరాక్సులు కావు, రీప్రింట్లూ కావు. 1911 నుంచి 1933 మధ్యలో అచ్చయి, ఎవరో షాపుకెళ్లి కొనుక్కుని, ఇంట్లో పియానో మీద పెట్టుకుని వాయించుకున్న కాగితాలే. ఆన్‌లైన్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను, పేరు అనవసరం, ఎందుకో కింద తెలుస్తుంది.

బెర్లిన్ అంటే మనలో చాలామందికి "వైట్ క్రిస్మస్" పాట ఆయన. అమెరికాలో ఉంటే డిసెంబర్‌లో ఏ షాపుకెళ్లినా తప్పించుకోలేం కదా. కానీ అది 1942 నాటిది, అప్పటికే ఆయనకి 54 ఏళ్లు. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆయన స్టేజికి పాటలు రాశాడు, అందులోనూ రెవ్యూలకి. రెవ్యూ అంటే నేనిప్పుడు రాస్తున్న రివ్యూ కాదండోయ్. కథ ఉండదు. ఒక పాట, ఒక డాన్సు, ఒక కామెడీ ముక్క, మధ్యలో నెత్తిన నెమలీకలు పెట్టుకుని మెట్లు దిగే అమ్మాయిలు, మళ్లీ ఇంకో పాట. ఏడాదికోసారి కొత్త ఎడిషన్. జీగ్‌ఫెల్డ్ అనే నిర్మాత 1907లో "ఫాలీస్" పేరుతో మొదలుపెట్టి 1931 దాకా దాదాపు ప్రతి ఏడూ ఒకటి దించాడు. అలాంటి షోలకి పాటలు రాసేవాడి పని ఎలా ఉంటుందో ఈ 11 కాగితాలు చూస్తే అర్థమైనంత బాగా నాకు ఏ సీడీ విన్నా అర్థం కాలేదు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

ప్యాకింగ్‌కి మంచి మార్కులే వేయాలి. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ కవరు వేసి, "వంచవద్దు" అని రాసి పంపాడు. పోస్టాయన వంచలేదు. కండిషన్ దగ్గరే తేడా. "వెరీ గుడ్" అని పెట్టాడు గానీ రెండు షీట్ల అంచులు అప్పడాల్లా ఉన్నాయి, వేలు తగిలితే ముక్క రాలుతుంది. ఒకదానికి వెన్ను మీద ఎప్పుడో సెలోటేపు వేశారు, టేపు ఊడిపోయి దాని గోధుమరంగు మరక మాత్రం నిలువునా మిగిలింది. ఒక షీటు మూల మీద ఏదో మ్యూజిక్ షాపు ఊదారంగు స్టాంపు, సగం చెరిగిపోయి ఉంది. ఇంకోదాంట్లో ఎవరో పెన్సిల్‌తో నోట్ల మీద వేళ్ల నంబర్లు వేసుకున్నారు, 1, 2, 3, 5 అని, కష్టమైన చోట మాత్రం మళ్లీ మళ్లీ దిద్దారు. వందేళ్ల కిందట ఎవరో అక్కడే తడబడ్డారు, నేనూ సరిగ్గా అక్కడే తడబడ్డాను.

అన్నిటికంటే పాతది "అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్", 1911. ఇది సైజులో మిగతావాటికంటే పెద్దది, మా కీబోర్డు స్టాండు మీద నిలవదు, ముందుకి వాలిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చి షీట్ల సైజు తగ్గించారు, ఆ తర్వాత మళ్లీ పెంచలేదు. లాట్‌ని తారీఖుల ప్రకారం పేర్చితే పెద్దవి కింద, చిన్నవి పైన, కట్ట మెట్టులా ఉంటుంది. చూడ్డానికి చిన్న విషయమే, కానీ స్క్రీన్ మీద పీడీఎఫ్ చూస్తే ఇది ఎప్పటికీ తెలీదు.

ఇంకొకటి, నాకు చాలా నచ్చింది, ప్రతి షీటులో పబ్లిషర్ పేరు చూడండి. 1911 షీటు మీద "టెడ్ స్నైడర్ కంపెనీ", బెర్లిన్ అప్పటికి వాళ్ల దగ్గర పాటలు రాసే కుర్రాడు. 1918 షీటు మీద "వాటర్‌సన్, బెర్లిన్ అండ్ స్నైడర్", అంటే మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు. 1919 షీట్ల మీద "ఇర్వింగ్ బెర్లిన్ ఇన్‌కార్పొరేటెడ్". మిగతా ఇద్దరూ మాయం! జీవిత చరిత్రలో ఒక చాప్టరంతా చదివితే తెలిసే సంగతి మూడు లైన్లలో తెలిసిపోయింది.

ఆ జీవితం గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టాడు, అసలు పేరు ఇజ్రాయెల్ బేలిన్, ఐదేళ్ల వయసులో 1893లో కుటుంబంతో న్యూయార్క్ వచ్చాడు. తండ్రి యూదుల గుడిలో ప్రార్థనలు పాడేవాడు, పిల్లాడికి 13 ఏళ్లప్పుడు పోయాడు. కుర్రాడు ఇల్లు వదిలి బౌరీ వీధిలోని బార్లలో చిల్లర కోసం పాటలు పాడాడు. తర్వాత సాంగ్ ప్లగ్గర్ ఉద్యోగం. అదేంటంటే, థియేటర్లో మామూలు ప్రేక్షకుడిలా కూర్చుని, స్టేజి మీద పాట అవగానే ఆగలేనట్టు లేచి తనూ అందుకుని పాడాలి, చుట్టుపక్కలవాళ్లకి ఆ పాట ఎక్కాలి, బయటికెళ్లి షీటు కొనాలి. మన దగ్గర రిలీజ్ రోజు హాల్లో మొదటి ఈల డబ్బులిచ్చి వేయించినట్టన్నమాట. ఆ తర్వాత చైనాటౌన్‌లో పెల్హామ్ కేఫ్ అనే చోట పాడుతూ సర్వ్ చేసే వెయిటరు. అక్కడ ఉండగానే 1907లో మొదటి పాట అచ్చయింది, మాటలు మాత్రమే ఈయనవి, ట్యూను ఆ కేఫ్ పియానిస్టుది. ఈయన వాటాకి వచ్చింది 40 సెంట్లు కూడా లేదు. ఆ షీటు మీద పేరు "ఐ. బెర్లిన్" అని పడింది, అదే ఖాయమైంది.

చదువు లేదు, సంగీతం నేర్చుకోలేదు. నొటేషన్ చదవడం రాదు, రాయడం రాదు. అంటే నా బల్ల మీద ఉన్న ఈ 11 కాగితాల్లో ఒక్క నోటు కూడా ఆయన చేత్తో రాసింది కాదు. ఆయన వాయించి, పాడి వినిపిస్తే పక్కన జీతానికి పెట్టుకున్న మనిషి రాసేవాడు. వాయించడం కూడా ఎక్కువగా ఒకే స్కేల్లో, నల్ల మెట్ల మీద. అది ఎఫ్ షార్ప్. మిగతా స్కేళ్లు కావాలంటే ఆయన పియానోకి కీబోర్డు కింద ఒక లివరు ఉండేది, అది తిప్పితే లోపల మార్పు జరిగి, వేళ్లు అక్కడే ఉన్నా శ్రుతి మారుతుంది. ఆ పియానోకి ముద్దుగా "బ్యూక్" అని కారు పేరు పెట్టుకున్నాడు. అలాంటి ఆయన పియానో ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది.

ఇది మా నాన్నకి ఫోన్లో చెప్పాను. నాన్న తెనాలిలో ఉంటారు, వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఏదో వింత చెప్పాననుకుంటే ఆయన అస్సలు ఆశ్చర్యపోలేదు.

"స్కేల్ ఛేంజర్ పెట్టె రా అది. మన దగ్గర లేవా ఏంటి? అయితే ఆయనది నాలుగున్నర శ్రుతన్నమాట."

"అవును నాన్నా, ఎఫ్ షార్ప్ అంటే నాలుగున్నరే."

"నల్ల మెట్లే పట్టుకుని వాయిస్తే మోహనం పలుకుద్ది. మరి ఊరికే హిట్టయ్యాడా?"

ఫోన్ పెట్టేశాక కీబోర్డు మీద చూశాను, నాలుగున్నర నుంచి మొదలుపెట్టి ఐదు నల్ల మెట్లు వరసగా నొక్కితే నిజంగానే మోహన రాగం. బెర్లిన్ పాటలన్నీ మోహనం అని కాదు లెండి, మధ్యమం నిషాదం కావాలంటే తెల్ల మెట్ల మీదకి వెళ్లాల్సిందే, ఆయన వెళ్లాడు కూడా. కానీ చెయ్యి ఎక్కడ ఆనుకుని ఉంటుందో ట్యూను అక్కడినుంచే పుడుతుందన్న మాట నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు.

సరే, లాట్‌లో అసలు వజ్రం "ఎ ప్రెటీ గర్ల్ ఈజ్ లైక్ ఎ మెలొడీ". అందమైన అమ్మాయి ఒక రాగం లాంటిదని. 1919 ఫాలీస్ కోసం. విడిగా వింటే మంచి ప్రేమ పాట, అంతే. కానీ ఇది పుట్టిన పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. జీగ్‌ఫెల్డ్‌కి అమ్మాయిలని ఖరీదైన కాస్ట్యూముల్లో ఒక్కొక్కరిగా స్టేజి మీదకి దించాలి, దానికో పాట కావాలి. అంటే బట్టలు ముందు, పాట తర్వాత. బెర్లిన్ ఏం చేశాడంటే ఒక్కో అమ్మాయిని ఒక్కో ప్రసిద్ధమైన శాస్త్రీయ ట్యూన్ చేసేశాడు, ఒకామె మెండెల్‌సన్ స్ప్రింగ్ సాంగ్, ఒకామె ద్వొర్జాక్ హ్యూమరెస్క్, ఒకామె షూబర్ట్ సెరెనేడ్, ఇలా. ఆ ట్యూనులకి తను చిలిపి మాటలు కట్టాడు. వీటన్నిటినీ కలిపే దారం లాగా మొదట్లో పాడటానికి ఈ పల్లవి. జాన్ స్టీల్ అనే టెనర్, అంటే హెచ్చు స్థాయి మగ గొంతు గాయకుడు, పాడాడు. అమ్మాయిల విడి ముక్కలు కాలంలో కొట్టుకుపోయాయి, కుట్టు కలపడానికి రాసిన దారం నిలబడింది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఎక్కడ అందాల పోటీ జరిగినా, ఫ్యాషన్ షో జరిగినా, అమ్మాయిలు మెట్లు దిగుతుంటే ఇదే ట్యూను.

మన సినిమా కవులు "సిట్యుయేషన్ చెప్పండి" అంటారు చూడండి, ఈయన పని అచ్చంగా అదే. కాకపోతే సినిమాకి కథ ఉంటుంది, హీరో ఉంటాడు, రెవ్యూలో అదీ లేదు. సిట్యుయేషన్ అంటే బట్టలు, లైట్లు, ఒక కమెడియన్ కళ్లు తిప్పే అలవాటు. అదే ఏడాది ఫాలీస్‌లో "యూడ్ బీ సర్‌ప్రైజ్డ్" పాట ఎడ్డీ కాంటర్ కోసం, ఆయన గుండ్రటి కళ్లు తిప్పుతూ పాడితేనే అందం. షీటు చూసి నేను వాయిస్తే సగం ప్రాణం పోయింది. తప్పు షీటుది కాదు. కళ్లు నొటేషన్‌లో రావు కదా.

"ఆర్డర్ మీద రాసిన పాటలు, వీటిలో ఆర్ట్ ఏముంది" అని నా మ్యూజిక్ క్లాసులో ఒకాయన అన్నాడు. ఆయనకి 1914 నాటి షీటు చూపించాను. "వాచ్ యువర్ స్టెప్" బెర్లిన్ మొత్తం పాటలు తనే కట్టిన మొదటి షో, వెర్నన్, ఐరీన్ కాజిల్ అనే డాన్సర్ దంపతులు హీరో హీరోయిన్లు. పేరుకి ఒక కథ ఉంది గానీ లోపలంతా రెవ్యూనే. అందులో "ప్లే ఎ సింపుల్ మెలొడీ" అని ఒక పాట. మొదట ఒక గొంతు అమ్మ పాడే పాత పాటలాంటిది కావాలంటూ నెమ్మదిగా పాడుతుంది. తర్వాత ఇంకో గొంతు, అబ్బే, నాకు హుషారుగా రాగ్‌టైమ్ (అప్పటి గెంతులేసే సంగీతం) కావాలంటూ వేరే ట్యూను. చివర్లో రెండూ ఒకేసారి. రెండు ట్యూన్లూ, రెండు రకాల మాటలూ ఒకదానిమీద ఒకటి, ఎక్కడా గుద్దుకోవు. మా పదేళ్ల పాపని నెమ్మదిది పాడమని, హుషారుది నేను అందుకున్నాను. ఐదుసార్లు ఆగిపోయాం. నేను దాని ట్యూన్లోకి జారిపోయేవాణ్ని, అది "నాన్నా నీది నువ్వు పాడు" అని అరిచేది. ఆరోసారి చివరిదాకా వెళ్లాం, వంటింట్లోంచి మా ఆవిడ "అదేదో బాగుందే" అంది. 38 డాలర్లు అక్కడే వసూలయ్యాయి. నొటేషన్ రానివాడు ఇది బుర్రలో ఎలా పట్టుకున్నాడో నాకైతే అంతుచిక్కలేదు.

1918 షీటు సైనికుల రెవ్యూలోది. యుద్ధం మధ్యలో బెర్లిన్‌ని సైన్యంలోకి తీసుకుని లాంగ్ ఐలండ్‌లో యాఫాంక్ దగ్గర క్యాంప్ అప్టన్‌లో పడేశారు. రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోయే మనిషి. అక్కడేమో తెల్లారకముందే బ్యూగిల్. ఆ కడుపుమంటతోనే "ఓ! హౌ ఐ హేట్ టు గెట్ అప్ ఇన్ ద మార్నింగ్" అని పొద్దున్నే లేవడం మీద తిట్టు పాట కట్టాడు. క్యాంపులో అతిథుల బిల్డింగు కట్టాలి, డబ్బు కావాలి అంటే సైనికులతోనే "యిప్ యిప్ యాఫాంక్" అనే రెవ్యూ తయారుచేసి ఆగస్టులో న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో వేశాడు. ఈ పాట యూనిఫాంలో తనే స్టేజి మీద పాడాడు. ఆఖరి రోజు ఆటగాళ్లంతా స్టేజి దిగి ప్రేక్షకుల మధ్యనుంచి కవాతు చేస్తూ బయటికెళ్లిపోయారు, నిజంగానే యుద్ధానికి పోతున్నారనుకుని జనం ఏడ్చారట. ఈ షోకే రాసిన ఇంకో పాట మరీ గంభీరంగా ఉందని తీసి పెట్టెలో పడేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత 1938లో దాన్ని బయటికి తీసి మార్పులు చేసిస్తే కేట్ స్మిత్ అనే గాయని రేడియోలో పాడింది. అది "గాడ్ బ్లెస్ అమెరికా". మా పాప స్కూల్లో పాడే పాట ఒక కామెడీ షోలోంచి కట్ చేసిన ముక్కని తెలిసి దానికంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

ఇక్కడ ఒక చేదు సంగతి. లాట్‌లో "మాండీ" అని ఇంకో షీటు ఉంది, మొదట ఆ సైనికుల షోలో, తర్వాత 1919 ఫాలీస్‌లో వాడారు. ట్యూను ముద్దొస్తుంది. కానీ అది మిన్‌స్ట్రెల్ పద్ధతిలో, అంటే తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని అనుకరిస్తూ ఆడిన తరహాలో వేసిన అంశం. బెర్లిన్ తొలి రోజుల్లో ఇటాలియన్ల మీద, యూదుల మీద, నల్లవాళ్ల మీద ఇలాంటి యాస పాటలు, వెక్కిరింపు పాటలు బాగానే రాశాడు, అప్పుడు మార్కెట్లో అదే నడిచేది. పాత షీట్లు లాట్లుగా కొనేవాళ్లు ఇది తెలిసి కొనండి, కొన్ని ముఖచిత్రాలు పిల్లల ముందు తియ్యలేరు. నేను కొన్న లాట్‌లో అంత దారుణమైనది లేదు గానీ అదే అమ్మేవాడి దగ్గర ఇతరుల పాటల లాట్లలో చూశాను.

1921 షీట్ల దగ్గరికి వస్తే మనిషి రేంజే మారిపోయింది. పాటలు రాసేవాడికి సొంత థియేటర్! శామ్ హారిస్ అనే నిర్మాతతో కలిసి వెస్ట్ 45వ వీధిలో మ్యూజిక్ బాక్స్ అనే హాలు కట్టించాడు, తన రెవ్యూలు ఆడించుకోవడానికే. 1921 సెప్టెంబర్ 22న మొదటి "మ్యూజిక్ బాక్స్ రెవ్యూ"తో తెరిచారు. "సే ఇట్ విత్ మ్యూజిక్" పాట ఆ బిల్డింగ్‌కి సిగ్నేచర్ ట్యూను లాంటిది. ఆ హాలు ఇప్పటికీ ఉంది, దాదాపు 1000 సీట్లు, 2007 దాకా బెర్లిన్ వాళ్లకి అందులో వాటా కూడా ఉండేది. షీట్లు వచ్చిన వారం సిటీలో పనుంటే అటు వెళ్లి బయట నిలబడి చూశాను, పొడుగు స్తంభాలు, బ్రాడ్‌వే హాలంటే ఊహించుకునే ఆర్భాటం లేకుండా పెద్దింటివాళ్ల బంగళాలా ఉంది. లోపల ఏదో షో నడుస్తోంది, టికెట్ ధర చూసి వెనక్కొచ్చేశా.

నాలుగు ఎడిషన్లు వేశారు. మొదటిది 440 ఆటలు, రెండోది 330, మూడోది 273, నాలుగోది 184. ఎక్సెల్ షీట్లో పెడితే గ్రాఫు ఎటు పోతోందో చిన్న పిల్లలకైనా తెలుస్తుంది. ప్రతి ఏడూ కిందటేడుని మించిన సెట్లు, లిఫ్టులు, బట్టలు కావాలి, హాలేమో చిన్నది, ఖర్చు రాబట్టేదెలా? 1924తో ఆపేశారు. కానీ తమాషా ఏంటంటే, షోలు పడిపోతున్న ఆ రెండేళ్లలోనే పాటలు ఎక్కడికో వెళ్లిపోయాయి. 1923 ఎడిషన్‌లోకి "వాటిల్ ఐ డూ" వచ్చి చేరింది, 1924లో "ఆల్ ఎలోన్". ఆర్భాటం ఏమీ లేదు, రెండూ వాల్ట్జ్‌లు, మూడు దెబ్బల తాళం, చిన్న చిన్న మాటలు. నువ్వు లేకపోతే నేనేం చెయ్యను అని ఒకటి, ఒంటరిగా ఫోన్ కోసం ఎదురుచూపు ఇంకోటి. పెద్ద రెవ్యూలో ఇంతమంది అమ్మాయిలు, ఇన్ని లైట్లు ఆర్పేసి, చీకట్లో స్టేజికి చెరోవైపు గ్రేస్ మూర్, ఆస్కర్ షా ఫోన్లు పట్టుకుని "ఆల్ ఎలోన్" పాడారు. అంత హంగామా మధ్యలో ఆ నిశ్శబ్దం ఎలా తగిలి ఉంటుందో అనుకుంటే నాకు ఇప్పుడు కూడా ఒళ్లు జలదరిస్తుంది. తొలి భార్య డొరొతీ 1912లో పెళ్లయిన కొన్ని నెలలకే టైఫాయిడ్‌తో పోయింది, పన్నెండేళ్లు ఒంటరిగా ఉన్న మనిషి ఇవి రాశాడు, వింటున్నప్పుడు అది గుర్తు రాకుండా ఉండదు. 1926లో ఎలిన్ మకేని పెళ్లి చేసుకున్నాడు, కోటీశ్వరుడైన ఆమె తండ్రికి ఇష్టం లేకుండా. అది వేరే సినిమా.

నా కంప్లయింటు కూడా సరిగ్గా "ఆల్ ఎలోన్" దగ్గరే. షీటు తెరిస్తే మధ్యలో ఉండాల్సిన విడి కాగితం లేదు. ముఖచిత్రం ఉంది, మొదటి పేజీ ఉంది, అక్కడినుంచి తిప్పితే నేరుగా చివరి లైన్లు, వెనక అట్ట మీద వేరే పాటల అడ్వర్టైజ్‌మెంట్లు (ఒక్కోదాని మొదటి నాలుగు లైన్లు అచ్చేసి, వాయించి చూసి నచ్చితే కొనుక్కోండి అనే టైపు, అప్పటి ట్రైలర్లన్నమాట). ఆ పాట పేరుకి తగ్గట్టు ఒంటరిదై వచ్చింది. అమ్మినాయనకి మెసేజ్ పెడితే "పాత వస్తువులు, ఉన్నవి ఉన్నట్టే" అని ఒక్క లైను జవాబు. ఫోటో పెట్టి, వివరంలో "కంప్లీట్" అని నువ్వే రాశావు కదా బాబూ అంటే రెండు రోజులు పలకలేదు, మూడో రోజు 3 డాలర్లు వెనక్కిచ్చాడు. గొడవ పెట్టుకునే ఓపిక లేక వదిలేశా. కొనేవాళ్లకి చెప్పేది, ముందే ప్రతి షీటు లోపలి పేజీల ఫోటోలు అడగండి. ఈ విడి కాగితాలు ఊడి పోవడం చాలా మామూలు.

ఆఖరిది "ఈస్టర్ పరేడ్", 1933. "యాజ్ థౌజండ్స్ చీర్" అనే రెవ్యూలోది, అదే మ్యూజిక్ బాక్స్ హాల్లో, మాస్ హార్ట్ రాసిన స్కెచ్‌లతో (చిన్న చిన్న నాటిక ముక్కలు) 400 ఆటలు ఆడింది. షో అంతా న్యూస్ పేపర్, ప్రతి అంశానికీ ఒక హెడ్‌లైను. డిప్రెషన్ రోజుల్లో, అంటే దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్నప్పుడు, నెమలీకలు కొనే డబ్బులు లేవు, అప్పుడు ఐడియా పనిచేసింది. "ఈస్టర్ పరేడ్" ట్యూను కొత్తది కాదు, 1917లో వేరే మాటలతో వేసి ఆడని పాటదే, పదహారేళ్లు దాచి మాటలు మార్చి వదిలాడు. ఆడని ట్యూను మళ్లీ ఇంకో సినిమాలో తేలడం మనకేం కొత్త కాదుగా. అదే షోలో ఎథెల్ వాటర్స్ పాడిన "సప్పర్ టైమ్" ఉంది. భర్తని మూక చంపేసింది, పిల్లలకి అన్నం పెట్టే వేళైంది, నాన్న ఇక రాడని వాళ్లకి ఎలా చెప్పాలి అని ఒక నల్లజాతి తల్లి పాడుకునే పాట. మసి పూసుకున్న మొహాలకి "మాండీ" రాసిన చెయ్యే పదిహేనేళ్ల తర్వాత ఇది రాసింది, నవ్వుకోడానికి వచ్చిన జనం ముందు పెట్టింది. ఆ షీటు ఈ లాట్‌లో లేదు, వెతుకుతున్నాను, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పేజీలన్నీ ఉంటేనే.

ఇక డబ్బు పెట్టకుండా కుదరదా అంటే, బాగానే కుదురుతుంది. అమెరికాలో 1930కి ముందు అచ్చయిన పాటలు ఇప్పుడు పబ్లిక్ డొమైన్, అంటే ఈ లాట్‌లో "ఈస్టర్ పరేడ్" ఒక్కటి తప్ప మిగతా పదీ లైబ్రరీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల లెవీ కలెక్షన్ పాత షీట్లకి గని. అప్పటి విక్టర్ కంపెనీ రికార్డులు వినాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ జూక్‌బాక్స్ ఉంది. మైకులు లేని కాలం రికార్డింగు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, మొదటి నిమిషం ఓర్చుకుంటే చెవికి అలవాటైపోతుంది.

ఐదుకి నేను మూడున్నర ఇస్తాను. పాటలకి కాదు, పాటలకి మార్కులేసేంత వాణ్ని కాను. వస్తువుకి ఐదు, ప్యాకింగ్‌కి నాలుగు, "కంప్లీట్" అని రాసి కాగితం ఎగ్గొట్టినందుకు కోత.

మిస్సయిన పేజీలు లైబ్రరీ స్కాన్ దొరికితే ప్రింట్ తీసి మధ్యలో పెట్టాను. పసుపుపచ్చ కాగితాల మధ్య తెల్లగా మెరుస్తోంది, కొత్త పన్ను కట్టించుకున్నట్టు. నిన్న వీడియో కాల్లో మా పాప "ఆల్ ఎలోన్" వాయిస్తుంటే తెనాలిలో నాన్న హార్మోనియం ముందేసుకుని కూర్చున్నారు, నెట్ లేటుగా వస్తోందని తాళం ఎప్పుడూ అర మాత్ర వెనకే పడుతోంది. అయిపోగానే "వన్స్ మోర్" అన్నారు, "ఈసారి నాలుగున్నరకి మార్చి వాయించమ్మా" అని కూడా అన్నారు. మా కీబోర్డుకి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఎక్కడుందో మాన్యువల్లో వెతుకుతున్నాను.